మోకాలి మీద చిన్న సుత్తి దెబ్బ

లక్డీకాపూల్‌లో మెట్రో రైలెక్కి అమీర్‌పేట వైపు వెళితే మూడో స్టేషను పంజగుట్ట. దానికి దగ్గరలోనే ఉంది నిమ్స్ ఆసుపత్రి. 1960 దశకంలో నిజాం ఎముకల ఆసుపత్రిగా మొదలైన సంస్థ ఇది. ఇప్పుడక్కడ నరాల జబ్బులకు కూడా పెద్ద విభాగం ఉంది. ఎముకలకూ, నరాలకూ సంబంధం ఏమిటంటారా? కాస్త ఆగండి, చెబుతాను.

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు నుంచి ఒక పెద్దాయన డాక్టరు దగ్గరికి వచ్చాడనుకుందాం. "కాళ్ళు కట్టెల లెక్క బిగుసుకుపోతున్నయి సారూ. చెప్పు ఊడిపోయినా ఎర్కైతలేదు" అంటాడు. బాధ కాళ్ళలో ఉంది. మరి లోపం ఎక్కడుంది? కాలి నరంలోనా, నడుములోనా, మెడలోనా, మెదడులోనా? మీ ఇంట్లో దీపం వెలగకపోతే తప్పు బల్బుదే కానక్కరలేదు కదా! స్తంభం మీద తీగ తెగినా దీపం వెలగదు. నరాల పరీక్ష అంటే ఆ తీగను వెతకడమే.

పరీక్ష సుత్తితో మొదలు కాదు, మాటలతో మొదలవుతుంది. ఎప్పుడు మొదలైంది? ఒక్కసారిగానా, మెల్లమెల్లగానా? ముందు ఏ కాలు? జవాబులు వింటూనే డాక్టరు ఆయన జ్ఞాపకశక్తినీ, మాట తీరునూ గమనిస్తాడు. తరువాత తల వంతు. మెదడు నుంచి బయలుదేరే నాడులు 12 జతలు. వాసన, చూపు, కనుగుడ్ల కదలిక, ముఖం, మింగడం, నాలుక అన్నీ వాటి పనే. కంట్లో టార్చిలైటు వేసేదీ, "నాలుక చాపండి" అనేదీ ఇందుకే.

ఆ తరువాత కండరాలు. చిక్కిపోయాయా, బిగుసుకున్నాయా చూస్తారు. బలానికి 0 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. (ఇక్కడ 5 వస్తే ఫస్టు క్లాసే!)

ఇప్పుడు సుత్తి. మోకాలి చిప్ప కింద తడితే కాలు ఎగురుతుంది. ఈ సంగతిని 1875లో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అనే ఇద్దరు జర్మన్ వైద్యులు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ప్రకటించారు. దెబ్బ వార్త వెన్నుపాముకు చేరి, అక్కడి నుంచే ఆజ్ఞగా వెనక్కి వస్తుంది. మెదడును అడగదు. అయితే మెదడు పైనుంచి కళ్ళెం పట్టుకునే ఉంటుంది. మీరూ చూడండి: బల్ల మీద కాళ్ళు వేలాడేసి కూర్చోండి. స్నేహితుణ్ణి అరచేతి అంచుతో మోకాలి చిప్ప కింద మెల్లగా తట్టమనండి. ఇప్పుడు రెండు చేతుల వేళ్ళు పెనవేసి గట్టిగా లాగుతూ ఉండండి, మళ్ళీ తట్టమనండి. కాలు ఇంకా బాగా ఎగురుతుంది.

కాలి నరమే దెబ్బతింటే ఆ ఎగురు తగ్గుతుంది, లేదా పోతుంది. వెన్నుపాము పైభాగంలో దెబ్బతింటే కళ్ళెం తెగినట్టే, కాలు మరీ ఎక్కువగా ఎగురుతుంది. అరికాలిని మడమ నుంచి వేళ్ళ వైపు గీస్తే మనకు బొటనవేలు కిందికి వంగుతుంది. మన పెద్దాయనకు పైకి లేస్తుంది! ఈ గుర్తును 1896లో పారిస్‌లో బాబిన్‌స్కీ చెప్పాడు. ఏడాది లోపు పసిపాపలకు కూడా వేలు పైకే లేస్తుంది. వాళ్ళ నాడులు ఇంకా పక్వం కాలేదు కాబట్టి అది జబ్బు కాదు.

స్పర్శను ఒక్క సూదితో చూసి వదిలేస్తే చాలదు. నొప్పి కబురు వెన్నుపాములోనే అవతలి పక్కకు దాటి పైకి పోతుంది. శృతిదండం కంపనాలు, వేలు ఎటు వంగిందన్న కబురు వచ్చిన పక్కనే పైదాకా వెళ్ళి ఆ తరువాత దాటుతాయి. ఒక దారి మూసుకుపోయి రెండోది తెరిచి ఉండవచ్చు. అందుకే సూదీ కావాలి, దూదీ కావాలి, శృతిదండమూ కావాలి. చివరికి వేలితో ముక్కు ముట్టించడం, కాళ్ళు దగ్గరపెట్టి కళ్ళు మూసుకొని నిలబెట్టడం, నడిపించడం. నడక చూడని పరీక్షను నేనైతే సగం పరీక్షే అంటాను.

పెద్దాయన సంగతికి వద్దాం. కాళ్ళు బిగుసుకున్నాయి, మోకాళ్ళు ఎగురుతున్నాయి, బొటనవేళ్ళు లేచాయి. చేతి కండరాలు చిక్కాయి, మెడ తిరగడం లేదు. వెన్నుపాము నడుము మొదట్లోనే, మొదటి కటి వెన్నుపూస దగ్గర, ముగిసిపోతుంది. కాబట్టి కాళ్ళ బాధ కదా అని నడుముకు మాత్రమే ఫోటో తీస్తే అసలు లోపం దొరకదు. మెడకు తీయాలి!

మెడలో ఏముంది? ఇక్కడే ఎముకలూ నరాలూ కలుస్తాయి. ఫ్లోరైడు ఎక్కువున్న బావినీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే వెన్నుపూసలు దళసరి అవుతాయి, వాటిని కట్టి ఉంచే స్నాయువులు గట్టిపడతాయి. వెన్నుపాము నడిచే గొట్టం ఇరుకైపోతుంది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. మన దేశంలో ఈ వ్యాధిని 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించి రాశారు. ఇది నరాలకు చేసే హానిని గురించి హైదరాబాదు న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఏళ్ళ తరబడి పరిశోధించి, 2009లో 'న్యూరాలజీ ఇండియా'లో వివరించారు. ఆపరేషన్‌తో ఒత్తిడి తీయవచ్చు. కాని చాలాకాలం నలిగిన వెన్నుపాము పూర్తిగా కోలుకోదు. ఆలస్యమైన కొద్దీ నష్టమే.

మీ తాతయ్యకో, అమ్మమ్మకో తోడుగా మీరు వెళ్ళవలసి వస్తే, తిమ్మిరి ఎప్పుడు మొదలైందో, ముందు ఎక్కడో, ఏ మందులు వాడుతున్నారో, ఏ ఊరి నీళ్ళు ఎన్నాళ్ళు తాగారో కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి. మేజోళ్ళుంటే ముందే విప్పించండి, అరికాలు చూడాలి.