బాడుగ బండి నుంచి సొంత బండికి

టమాటా ధర పడిపోయినప్పుడల్లా మదనపల్లె చుట్టుపక్కల రోడ్ల వెంట పారబోసిన కాయల కుప్పలు కనిపిస్తాయి. పట్నం వాళ్ళు పత్రికలో ఆ ఫొటో చూసి, "పారబోసే బదులు ఎవరికైనా ఇవ్వొచ్చు గదా" అంటారు. ఇవ్వాలన్నా బండి కావాలి. కోత కూలి, బాక్సుల అద్దె, బండి బాడుగ, మండీ కమీషను పోగా చేతికి ఏమీ మిగలదని తేలిన రోజున రైతు చేను గట్టు మీదే ఆగిపోతాడు. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటిపోయింది. అది నాలుగైదు రూపాయలకు పడిన రోజులూ వున్నాయి. కానీ ధర పడిందని బాడుగ పడదు. డీజిలు ధరా తగ్గదు, బండి యజమాని కట్టే వాయిదా కూడా తగ్గదు.

బాడుగతో ఇంకో చిక్కు వుంది. చాలా వూళ్ళలో బండిని పంపేది మండీ వాళ్ళే. పెట్టుబడికి అడ్వాన్సు ఇచ్చిన చెయ్యే బండినీ పంపుతుంది. ఆ బండి ఎక్కిన సరుకు ఇంకో మండీకి పోదు, ఇంకో వూరి మార్కెట్టుకు పోదు. ధర నచ్చకపోతే తిప్పి తెచ్చుకునే వీలూ లేదు. 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలైనప్పుడు దళారీ లేకుండా రైతే అమ్ముకోవచ్చునన్నారు. పది బాక్సులు పండించే కౌలుదారు అక్కడికి ఎలా చేరాలన్నది మాత్రం అతని తలనొప్పిగానే మిగిలింది.

అందుకే నలుగురైదుగురు చిన్న రైతులూ కౌలుదార్లూ కలిసి ఒక పాత పికప్పు కొనుక్కుంటే ఎలా వుంటుందన్న మాట ఈమధ్య పల్లెల్లో తరచు వినబడుతోంది. మంచి మాటే. అయితే లెక్క వేసుకుని దిగాలి.

లెక్క కోసం ఇలా అనుకుందాం. పోను రాను 40 కిలోమీటర్లు. ట్రిప్పు బాడుగ 1,200 రూపాయలు. సొంత బండి అయితే మూడు లీటర్ల డీజిలుకు 300, డ్రైవరు కూలి 400. ట్రిప్పుకు 500 మిగిలింది. కానీ బండి కదిలినా కదలకపోయినా ఏడాదికి అయ్యే ఖర్చు వుంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే చూడండి: 2022 జూన్ నుంచి అమలైన రేటు ప్రకారం ఏడున్నర టన్నుల లోపు సరుకు రవాణా బండికి 16,049 రూపాయలు, జీఎస్టీ అదనం. ముప్పాతిక టన్ను మోసే బుల్లి బండికీ, ఏడు టన్నుల లారీకీ ఒకటే రేటు! దానికి పన్ను, ఫిట్‌నెసు, టైర్లు, రిపేర్లు కలిపి ఏడాదికి 60,000 అనుకుంటే, ఆ ఖర్చు రాబట్టడానికే 120 ట్రిప్పులు కావాలి. ఒక్క రైతుకు ఏడాదిలో 30 ట్రిప్పుల సరుకు వస్తే గొప్ప. అయిదుగురు కలిస్తే 150. వొంటరిగా కొనడం ఎందుకు కుదరదో దీన్నిబట్టే తెలుస్తుంది. ఇక షోరూములో కొత్త బండి తీసుకుని నెలకు 10,000 వాయిదా కట్టాలంటే ఇంకో 240 ట్రిప్పులు కావాలి. ఆ వాయిదా కోసం రాత్రింబగళ్ళు బాడుగలకు తిరగాలి, సొంత కాయలు చేన్లో మాగిపోవాలి. పాత బండి మాట ఎత్తుతున్నది ఇందుకే.

ఏ బండి? చిన్న సరుకుకు టాటా ఏస్. 2005లో మార్కెట్టులోకి వచ్చింది. రెండు సిలిండర్లు, 702 సీసీ, 16 హార్స్ పవర్ ఇంజను, మోసేది 750 కిలోలు. 'ఛోటా హాథీ' అని దేశమంతా దానికి పేరు. బాక్సు ఖాళీ బరువుతో కలిపి 27 కిలోలు అనుకుంటే 27 బాక్సులకు సరిపోతుంది. కానీ మన వాళ్ళు 50 ఎక్కిస్తారు. అక్కడే బండి ఆయుష్షు సగం పోతుంది. సరుకు ఎక్కువైతే బొలెరో పికప్పు చూసుకోవాలి. 2523 సీసీ ఇంజను, మోడలును బట్టి టన్ను పైన మోస్తుంది, తాగేదీ ఎక్కువే. పొగ నియమాలు 2017 ఏప్రిల్‌లో బీఎస్-4కూ, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6కూ మారాయి. బీఎస్-6 బండ్లలో సెన్సార్లు, ఎలక్ట్రానిక్ పెట్టెలు ఎక్కువ. దారిలో నిలిచిపోతే మండలంలోని మేకానిక్కు చెయ్యి పెట్టలేడు, కంపెనీ షెడ్డుకే ఈడ్చుకుపోవాలి. పాత ఇంజను పొగ ఎక్కువ విడుస్తుందన్నది నిజమే. అయినా పానా పట్టుకుంటే వూళ్ళోనే విప్పొచ్చు.

ఇంకో సౌకర్యం: సరుకుతో కలిపి మొత్తం బరువు మూడు టన్నులు మించని బండికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షను ప్రకారం పర్మిట్ అక్కరలేదు. ఏస్ దాని కిందికే వస్తుంది. కోలారు మార్కెట్టుకు పోదలచుకున్న వాళ్ళు పక్క రాష్ట్రపు పన్ను సంగతి మాత్రం సరిహద్దు దాటకముందే కనుక్కోవాలి.

"పదిహేనేళ్ళు దాటితే బండి తుక్కే, ఎంతకైనా ఇచ్చెయ్యండి" అని బేరగాళ్ళు అమ్మేవాణ్ణి భయపెడతారు. అదే బండిని మనకు అమ్మేటప్పుడు ఆ మాటే ఎత్తరు! 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు నిండితే రిజిస్ట్రేషను రద్దయ్యేది ప్రభుత్వ వాహనాలకు. మన వైపు ప్రైవేటు బండి ఫిట్‌నెసు పరీక్షలో నెగ్గితే తిరగవచ్చు. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెసు చేయించాలి. పదిహేను దాటిన వాటికి ఆ ఫీజును 2022 ఏప్రిల్ నుంచి ఎన్నో రెట్లు పెంచారు, తర్వాతా మార్చారు. బేరం కుదుర్చుకునే ముందే ఆర్టీవో ఆఫీసులో ఆ సంఖ్య అడిగి, బండి ధరలో కలుపుకుని చూడండి. పది పన్నెండేళ్ళ బండి, ఇంకా మూడు నాలుగేళ్ళు వ్యవధి వున్నది, మన పనికి సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు బండి చూడడం. ముందు అడగవలసింది, ఇన్నాళ్ళూ అది ఏ సరుకు తోలింది అని. బేకరీ సరుకో, మందుల దుకాణం అట్టపెట్టెలో తోలిన బండి లోపల కుర్ర బండే. చేపలు, రొయ్యలు, ఐసు మోసిన బండి పైకి కొత్త రంగుతో నిగనిగలాడినా ఉప్పునీళ్ళు కింద ఛాసీని తినేసి వుంటాయి. ఎరువులు మోసిందీ అంతే. గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరండి. తొట్టికీ ఛాసీకీ బోల్టులు బిగించే చోట్ల స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. పెచ్చులు రాలితే లేచి రండి, ఇక బేరం వద్దు. కొత్త వెల్డింగు మచ్చ కనిపిస్తే అక్కడ ఎందుకు విరిగిందో అడగండి.

తెల్లవారుజామున, ఇంజను చల్లగా వున్నప్పుడు వెళ్ళడం మేలు. "మీరొస్తున్నారని వేడి చేసి పెట్టాం" అన్నారంటే ఏదో దాస్తున్నట్టే. చల్లగా వున్నప్పుడు స్టార్టు చేస్తే కాసేపు పొగ వస్తుంది, అది తప్పు కాదు. వేడెక్కాక కూడా నీలం పొగ వస్తుంటే ఇంజను ఆయిలు తాగుతోందని అర్థం. తెల్ల పొగ ఆగకుండా వస్తూ రేడియేటరులో నీళ్ళు తగ్గిపోతుంటే హెడ్ గాస్కెట్టు మీద అనుమానం పెట్టుకోవాలి. నడుస్తుండగా ఆయిలు పోసే మూత విప్పి చూడండి. అందులోంచి గుప్పుగుప్పున పొగ తంతుంటే పిస్టన్ రింగులు అరిగినట్టే. బోరు పని పడిందంటే మన లెక్క అంతా మళ్ళీ వేసుకోవాలి.

మీటరులో చూపే కిలోమీటర్లను నమ్మకండి, వాటిని వెనక్కి తిప్పడం ఎప్పటినుంచో వున్న విద్య. క్లచ్ పెడలు మీది రబ్బరు, స్టీరింగు పట్టుకునే చోటు, డ్రైవరు సీటు అంచు చూడండి, అవి అబద్ధం చెప్పవు. టైరు పక్కన నాలుగంకెల గుర్తు వుంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. అరుగుదల ఒక పక్కే వుంటే ముందు భాగం దెబ్బ తిన్నదో, ఛాసీ వంగిందో చూడాలి. కమాన్ కట్టల్లో కంపెనీ పట్టీలకు తోడు వేరేవి దూర్చి వుంటే ఆ బండి చేత జీవితమంతా గొడ్డు చాకిరీ చేయించారని గ్రహించండి.

కాగితాల సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఆర్.సి. మీద ఫైనాన్సు కంపెనీ పేరు వుంటే, దాని దగ్గర నుంచి అప్పు తీరినట్టు కాగితం, ఫారం 35 వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వవద్దు. లేకపోతే అమ్మినవాడి వాయిదాలకు మన బండిని రోడ్డు మీద లాక్కుపోతారు. ఛాసీ నంబరును ఆర్.సి.తో అంకె అంకె సరిచూడండి. చలానాలు, పన్ను బకాయిలు ఎన్ని వున్నాయో ముందే తీయించండి. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని జేబులో వుంచుకుంటే పని అయినట్టు కాదు. అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి. రికార్డులో ఎవరి పేరుందో, ప్రమాదం జరిగితే వాడే యజమాని అని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బండి చేతులు ఎన్ని మారినా సరే! మనం అమ్మే రోజు వచ్చినప్పుడు కూడా ఇది గుర్తుంచుకోవాలి.

కొన్నాక కొంచెం డబ్బు పెట్టి బాగుచెయ్యాలి. కొంచెమే. ముందు బ్రేకులు: లైనర్లు, రబ్బరు గొట్టాలు, బ్రేకు ఆయిలు. ఆ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతబడితే ఘాటు రోడ్డు దిగేటప్పుడు వేడెక్కి పెడలు ఖాళీగా లోపలికి పోతుంది. తర్వాత టైర్లు. ఆ తర్వాత ఇంజను ఆయిలు, డీజిలు ఫిల్టరు, ఫ్యాను బెల్టు, రేడియేటరులో కూలెంటు. వైరింగును అతుకులు లేకుండా మార్చి, మంచి ఫ్యూజులు పెట్టించండి. హెడ్‌లైట్లు కంపెనీవే వుంచి అద్దాలు శుభ్రం చేయిస్తే చాలు. కళ్ళు చెదిరే తెల్ల లైట్లు ఎదుటివాడి ప్రాణానికి తెస్తాయి. ముందు తెల్లవి, వెనుక ఎర్రవి, పక్కల పసుపువి రేడియం పట్టీలు అంటించండి. చీకటితోనే మార్కెట్టుకు బయలుదేరే బండికి ఇవి అలంకారం కాదు. తొట్టి కింద తుప్పు గీకి ప్రైమరు వేసి, పైన రబ్బరు పట్టా పరిస్తే బాక్సులు జారవు, కాయ నలగదు. గట్టి తాడు, గాలి ఆడే పట్టా కూడా వుంచుకోండి. ఇంకో రెండు వందలు మిగిలితే డ్రైవరు సీటు స్పాంజి మార్చండి. రాత్రంతా మెలకువతో కూర్చునేది అతనే.

చెయ్యకూడనివీ వున్నాయి. కమాన్లకు పట్టీలు చేర్చవద్దు. బరువు మోస్తుందనిపిస్తుంది గానీ బ్రేకులు ఆ బరువుకు చేసినవి కావు, ఇరుసూ కాదు. తొట్టి గోడలు ఎత్తు పెంచడం 52వ సెక్షను కిందికి వస్తుంది, ఫిట్‌నెసు పరీక్షలోనూ అడ్డు తగులుతుంది. ముందు ఇనుప గార్డు బిగించడాన్ని 2017 డిసెంబరులోనే కేంద్రం తప్పన్నది.

ఇక అన్నిటికన్నా పెద్ద విషయం. బండి వూళ్ళో వుంటే మిరపకోతకో, నాట్లకో పాతికమంది కూలీలను వెనక నిలబెట్టి తీసుకుపోదామనే వాళ్ళు తప్పక వస్తారు. "రెండు మైళ్ళే గదా" అంటారు. అలాంటి బండ్లు బోల్తాపడి ఆడకూలీలు చనిపోయిన వార్తలు మనం ప్రతి సీజనులోనూ చదువుతూనే వున్నాం. సరుకు బండిలో ఎక్కిన మనుషులకు ఇన్సూరెన్సు కంపెనీ పరిహారం ఇవ్వనక్కరలేదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 1994 సవరణ రక్షణ ఇచ్చింది సరుకు యజమానికీ, అతని తరపున వచ్చిన మనిషికీ మాత్రమే, అదీ సరుకుతో పాటు కేబిన్‌లో కూర్చుంటేనే. కూలికి పోయి కాలు విరిగిన మనిషి పరిహారం కోసం అడగవలసింది బండి యజమానిని. ఆ యజమాని మన అయిదుగురు చిన్న రైతులే అయితే? కూలీ కూలీ మీద దావా వెయ్యాలి. పని చేయించుకునే ఆసామే మనుషులెక్కే బండి పెట్టి, ఆ ఖర్చు తానే భరించాలని గట్టిగా అడగవలసింది ఇక్కడే. మన పికప్పు ఆసామికి చౌక బస్సు కాకూడదు.

డ్రైవరు కోసం దూరం వెతకనక్కరలేదు. లైటు మోటారు వాహనం లైసెన్సు వున్నవాళ్ళు మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా బండిని నడపవచ్చునని 2017లో సుప్రీంకోర్టు అన్నది, 2024 నవంబరులో అయిదుగురు జడ్జీల బెంచి దాన్నే ఖాయం చేసింది. కూలి ఇళ్ళల్లో కారు లైసెన్సు తీసుకుని పని లేక కూర్చున్న కుర్రాళ్ళు వున్నారు. వాళ్ళలో ఒకణ్ణి పెట్టుకోండి. ట్రిప్పు లేని రోజుకూ ఎంతో కొంత ఇచ్చేట్టు ముందే మాట్లాడుకోండి.

ఆర్.సి. ఒకరి పేరు మీదే వుంటుంది గనుక మిగతా నలుగురి వాటా ఎంతో స్టాంపు కాగితం మీద రాయించి, అయిదుగురూ సంతకాలు చెయ్యాలి. ఎవరి కాయ ఏ రోజు ఎక్కాలి, ధర బాగున్న రోజున ఇద్దరికీ బండి కావలసివస్తే ఏం చెయ్యాలి, బయటి బాడుగ డబ్బు ఎవరి దగ్గర వుండాలి, ఒకరు తప్పుకుంటే వాటా ఎంతకు కట్టాలి, అన్నీ అందులో రాసుకోవాలి. ట్రిప్పుకు వంద చొప్పున టైర్లకూ ఇన్సూరెన్సుకూ విడిగా తీసి పోస్టాఫీసులో వెయ్యండి. డీజిలు, కిలోమీటర్లు, బాక్సులు, ఇచ్చింది, వచ్చింది రాసే నోటుబుక్కు డ్రైవరు సీటు కింద వుండాలి, అయిదుగురిలో ఎవరు అడిగినా తీసి చూపాలి.