పలుకులు కట్టిన జామాయిల్ తేనె

సీసా అడుగున పలుకులు కనబడగానే ‘తాతయ్యా, పంచదార కలిపారు’ అని తీర్పు చెప్పేశావు కదమ్మా బుజ్జీ! కాస్త ఆగు. ఇది జామాయిల్ పూల తేనె.

భద్రాచలం నుంచి గోదావరి దాటితే సారపాక. 1979లో అక్కడ కాగితం మిల్లు మొదలయ్యాక, దాని ఆకలి తీర్చడానికి ఖమ్మం, పాల్వంచ వైపు చాలా మెట్టచేలు జామాయిల్ తోటలయ్యాయి. ఈ పువ్వుకి రేకులే కనబడవు. మొగ్గకి చిన్న టోపీ ఉంటుంది. అది ఊడిపడగానే కేసరాలు కుచ్చులా విచ్చుకుంటాయి, వాటి అడుగున మకరందం ఊరుతుంది. మన జామ, నేరేడు కూడా ఈ కుటుంబమే. ఈసారి నేరేడు పూతని దగ్గరగా చూడు, చుట్టరికం తెలుస్తుంది. అలాగని తేనెలో జామాయిల్ నూనె ఘాటు కోసం వెతకకు. ఆ నూనె ఉండేది ఆకుల్లో.

సరే, పలుకుల సంగతి. తేనెలో ముఖ్యంగా ఉండేవి ఫ్రక్టోజు, గ్లూకోజు. నీళ్లు ఐదోవంతుకి మించవు. అంత కొద్ది నీళ్లలో గ్లూకోజు మొత్తం కరిగి ఉండలేదు. ఓ పుప్పొడి రేణువు దొరికినా చాలు, దాన్ని పట్టుకుని పలుకు కట్టేస్తుంది. గ్లూకోజు పాలు ఎక్కువున్న తేనె త్వరగా పేరుకుంటుంది. జామాయిల్ తేనె ఆ కోవదే.

ఇంకో తమాషా చెప్తాను. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం 100 గ్రాముల తేనెలో సుక్రోజు, అంటే మన పంచదారే, 5 గ్రాములు దాటకూడదు. కానీ జామాయిల్‌లో యూకలిప్టస్ కమాల్డ్యులెన్సిస్ అనే జాతి తేనెకి 10 గ్రాముల దాకా మినహాయింపు! చెట్టే ఇచ్చిన పంచదారని కల్తీ అంటే ఎలా?

నీళ్లలో చుక్క వేయడం, అగ్గిపుల్ల ముంచి గీయడం లాంటి ఇంటి పరీక్షల్ని నేను నమ్మను. చిక్కటి బెల్లం పాకం కూడా నీళ్లలో నేరుగా అడుక్కి దిగుతుంది. ఏ పువ్వు తేనో తెలియాలంటే మైక్రోస్కోపు కింద పుప్పొడి చూడాలి. జామాయిల్ రేణువుకి మూడు మూలలుంటాయి. నేరేడుదీ అంతే, కాకపోతే బాగా చిన్నది.

1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ కోయల దగ్గర, కొండరెడ్ల దగ్గర కొనే అడవి తేనెలో మాత్రం ఒక్క పువ్వు రుచే ఉండాలంటే కుదరదు. కొమ్మకి వేలాడే పెద్ద తేనెటీగకి మన గట్లూ కంచెలూ ఏం పట్టాయి? తోటలో ఓ గుక్క తాగి నేరేడు మీదికి, అక్కణ్ణుంచి కానుగ మీదికి పోతుంది. జామాయిల్ తేనె కావాలంటే పూత వేళకి తోటలోనే తేనెటీగల పెట్టెలు పెట్టాలి.

పేరుకున్న సీసాని పొయ్యి మీద పెట్టకు, గోరువెచ్చటి నీళ్లలో కూర్చోబెట్టు. అలాగే వదిలేస్తే మిగిలిన పల్చటి తేనెలో నీటి పాలు పెరిగి పులుస్తుంది. మీ అక్క బిడ్డకి మాత్రం ఏడాది నిండేదాకా చుక్క కూడా నాకించొద్దు. బొటులిజం తెచ్చే బ్యాక్టీరియా విత్తులు మేలైన తేనెలో కూడా ఉండొచ్చు, పసికందు పేగులు వాటిని ఆపలేవు.