హాస్టల్ గోడ మీద బొమ్మ మీరేశారు, మరి అది ఎవరిది?

ఈరోజు టాపిక్ వినడానికి చిన్నగా ఉంటుంది. యూనివర్సిటీ హాస్టల్ గోడ మీద స్టూడెంట్స్ మ్యూరల్ వేయాలంటే రూల్స్ ఎలా ఉండాలి? పర్మిషన్ ఎవరివ్వాలి, ఏం వేయొచ్చు, రేపు పొద్దున వార్డెన్ సున్నం కొట్టించేస్తే మనం ఏం చేయగలం? లాస్ట్ ప్రశ్న దగ్గరే అసలు కథంతా ఉంది.

నేను రికార్డ్ చేస్తున్నది బేగంపేటలో. ఇక్కణ్నుంచి అమీర్‌పేట వైపు వెళ్తే గోడ కనపడదు. జావా, పైథాన్, డెవాప్స్ కోర్సుల పోస్టర్లు, వాటి మీద హాస్టల్ బెడ్ ఖాళీ ఉందనే కాగితాలు, వాటి మీద ఇంకో లేయర్. అదే సోమాజిగూడ వైపు వెళ్లి రాజ్‌భవన్ దగ్గర ఎం.ఎస్. మక్తా బస్తీలోకి దిగితే ఇళ్ల గోడల నిండా పెద్ద పెద్ద బొమ్మలు. 2016లో స్టార్ట్ ఇండియా అనే ఫౌండేషన్ ఆర్టిస్టులను తీసుకొచ్చి వేయించింది. రెండు చోట్లా గోడ మీద రంగే. తేడా ఏంటంటే, మక్తాలో ఎవరు వేస్తున్నారో, ఎవరి గోడో, ఎందుకో అందరికీ తెలుసు. అమీర్‌పేట పోస్టర్ రాత్రికి రాత్రి వచ్చేస్తుంది, ఎవరు అంటించారంటే ఎవరూ కాదు.

ఒక క్లారిటీ. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్లు ప్రైవేటువి. అక్కడ ఓనర్ అంకుల్ సరే అంటే సరే, వద్దంటే వద్దు. అంతకుమించి చర్చ లేదు. యూనివర్సిటీ హాస్టల్ అలా కాదు. అది పబ్లిక్ డబ్బుతో కట్టింది, ఓనర్ సంస్థ, ఉండేది మనం, ప్రతి రెండు మూడేళ్లకు ఉండేవాళ్లు మారిపోతుంటారు. ఈ మూడు విషయాలు గుర్తుపెట్టుకోండి, మిగతావన్నీ వీటి నుంచే వస్తాయి.

మామూలుగా మన హాస్టల్ రూల్ బుక్‌లో ఒక్క లైన్ ఉంటుంది: గోడలు పాడు చేయరాదు, చేస్తే ఫైన్. మేకు కొట్టినా, పెన్సిల్‌తో పేరు రాసినా, నెల రోజులు కష్టపడి బొమ్మ గీసినా అదే లైన్. పర్మిషన్ అడగడానికి ఫారమ్ ఉండదు, ఎవరిని అడగాలో రాసి ఉండదు. అందుకే రెండు రకాలే జరుగుతాయి. వార్డెన్ మంచోడైతే నోటిమాటతో ఓకే, కొత్త వార్డెన్ రాగానే సున్నం. నోటిమాట పర్మిషన్ అంటే బ్యాకప్ లేని డేటా లాంటిది బ్రో, ఉన్నంతసేపే ఉంటుంది.

సరే, రూల్ రాద్దాం అనుకుందాం. అందరూ మొదట రాసేది ఏంటి? "ఎవరి మనోభావాలూ దెబ్బతినకూడదు, రాజకీయాలు ఉండకూడదు." చదవడానికి బాగుంటుంది. నా దృష్టిలో మొత్తం లిస్టులో అన్నింటికంటే ప్రమాదకరమైన రూల్ ఇదే. ఎందుకో చెప్పాలంటే మన గచ్చిబౌలికే వెళ్లాలి.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదుగురు దళిత రీసెర్చ్ స్టూడెంట్స్‌ని హాస్టల్ నుంచి బయటికి పంపారు. 2016 జనవరిలో వాళ్లు క్యాంపస్ షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర ఆరుబయట గుడారం వేసుకుని ఉన్నారు. దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. చుట్టూ అంబేడ్కర్ లాంటి నాయకుల బొమ్మలు. జనవరి 17న ఆ ఐదుగురిలో ఒకరైన రోహిత్ వేముల చనిపోయారు. ఆ తర్వాత అదే చోటు దేశమంతా తెలిసిన నిరసన స్థలం అయింది. ఇప్పుడు చెప్పండి, అక్కడున్న అంబేడ్కర్ బొమ్మ రాజకీయమా, కాదా? రూమ్ పోగొట్టుకున్నవాడికి అది ఇల్లు. అడ్మినిస్ట్రేషన్‌కి అది పర్మిషన్ లేని నిర్మాణం. "రాజకీయాలు ఉండకూడదు" అనే రూల్ చేతిలో ఉంటే, ఏది రాజకీయమో డిసైడ్ చేసేది ఎప్పుడూ కుర్చీలో ఉన్నవాళ్లే. హీరో బొమ్మ ఓకే అయిపోతుంది, సావిత్రీబాయి ఫూలే బొమ్మకి కమిటీ కూర్చుంటుంది.

అలాగని రూలే వద్దా? ఢిల్లీ చూడండి. 2006లో లింగ్డో కమిటీ స్టూడెంట్ ఎలక్షన్లకు రూల్స్ పెట్టింది, సుప్రీంకోర్టు వాటిని అమలు చేయమంది. ప్రింటెడ్ పోస్టర్లు వద్దు, చేత్తో రాసినవి మాత్రమే, అవి కూడా ముందే ప్రకటించిన చోట్లలోనే. గమనించారా, ఏం రాయాలో చెప్పలేదు, ఎక్కడో, దేనితోనో చెప్పింది. మంచి డిజైన్. కానీ ఢిల్లీ యూనివర్సిటీలో ఎవడూ పట్టించుకోలేదు. 2024 సెప్టెంబర్‌లో హైకోర్టుకి ఒళ్లు మండి, గోడలు శుభ్రం అయ్యేదాకా ఓట్లు లెక్కపెట్టొద్దంది. ఓటింగ్ సెప్టెంబర్ 27న అయితే రిజల్ట్ వచ్చింది నవంబర్ 25న. దాదాపు రెండు నెలలు! ఎక్కడ అంటించాలో రాసి, ఎవరు తీయాలో పట్టించుకోకపోతే ఇలాగే ఉంటుంది.

నాకు బాగా నచ్చిన రూల్ మాత్రం అమెరికాలో ఉంది. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ, మనవాళ్లు ఎంఎస్ కోసం కలలు కనే చోటు. అక్కడ క్యాంపస్ మధ్యలో ఒక కంచె ఉంటుంది, పేరు కూడా ద ఫెన్స్. ఎవరైనా పెయింట్ చేయొచ్చు. అర్ధరాత్రి తర్వాత, తెల్లారేలోపు, బ్రష్‌తో మాత్రమే. స్ప్రే వాడకూడదు. వేశాక మీవాళ్లు అక్కడ కాపలా ఉన్నంతవరకు ఆ బొమ్మ మీది. వదిలేసి వెళ్లారా, ఇంకొకళ్ల వంతు. అందుకే పక్కనే టెంట్ వేసుకుని పడుకుంటారు. లేయర్ల మీద లేయర్లు పడీ పడీ పాత చెక్క కంచె 1993లో ఆ బరువుకే కూలిపోయింది, తర్వాత కాంక్రీట్‌తో కట్టారు. ఈ రూల్‌లో బొమ్మ గురించి ఒక్క మాట లేదు. టైమ్, బ్రష్, కాపలా. అంతే.

ఇప్పుడు టైటిల్ ప్రశ్న. గోడ యూనివర్సిటీది. బొమ్మ?

మన కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 57 అని ఒకటి ఉంది. కాపీరైట్ అమ్మేసినా సరే, ఆ పని మీదని చెప్పుకునే హక్కు, మీ గౌరవానికి దెబ్బ తగిలేలా దాన్ని చెడగొడితే అడిగే హక్కు మీకే ఉంటాయి. దీని మీద పెద్ద కేసు అమర్‌నాథ్ సెహగల్‌ది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో ఆయన చేసిన కంచు మ్యూరల్, 140 అడుగుల వెడల్పు, 40 అడుగుల ఎత్తు. 1979లో రిపేర్ల పేరుతో పీకి స్టోర్‌లో పడేశారు. ఆయన కోర్టుకెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు, మిగిలిన ముక్కలు ఆయనకే తిరిగివ్వాలి, ఐదు లక్షల పరిహారం కట్టాలి అని తీర్పిచ్చింది.

విజిల్స్ వేయకండి, ఇంకో వైపు కూడా ఉంది. ప్రగతి మైదాన్‌లో హాల్ ఆఫ్ నేషన్స్‌ను 2017లో కూల్చేస్తే ఆర్కిటెక్ట్ రాజ్ రెవాల్ కేసు వేశారు. 2019లో అదే హైకోర్టు, స్థలం ఓనర్ తన బిల్డింగ్ కూల్చకుండా ఆర్కిటెక్ట్ ఆపలేడంది. పైగా సెక్షన్ 57లోనే ఒక వివరణ ఉంది: మీ పనిని ప్రదర్శించకపోవడం నేరం కాదు. అంటే మీ మ్యూరల్ ముందు బీరువా పెట్టేస్తే చట్టం పెద్దగా ఏం చేయదు. అమెరికాలో వెర్మాంట్ లా స్కూల్‌లో అచ్చం అదే జరిగింది. 1993లో బానిసత్వం మీద వేసిన మ్యూరల్స్, వాటిలో నల్లజాతివాళ్లను చూపించిన తీరు కించపరిచేలా ఉందని తర్వాతి తరం స్టూడెంట్సే అభ్యంతరం చెప్పారు. కాలేజీ బొమ్మలకు తగలకుండా ముందు ప్యానెల్స్ బిగించింది. 2023లో కోర్టు, కప్పేయడం వేరు, నాశనం చేయడం వేరు అంది. నాకు ఈ తీర్పు కరెక్టే అనిపిస్తుంది. వేసినవాడికి హక్కుంటే, పదేళ్ల తర్వాత రోజూ దాని కిందే అన్నం తినేవాడికి కూడా ఎంతో కొంత ఉండాలి కదా.

కాబట్టి మీ హాస్టల్‌కి రూల్స్ రాసే ఛాన్స్ వస్తే ఇలా అడగండి. ఫలానా గోడలు మ్యూరల్స్‌కి అని రూమ్ నంబర్, ఫ్లోర్‌తో సహా ముందే ప్రకటించాలి. ఎగ్జిట్ బోర్డులు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు, స్విచ్ బోర్డుల చుట్టూ వదిలేయాలి. స్కెచ్ ఇచ్చాక ఇన్ని రోజుల్లో జవాబు అని గడువుండాలి, కాదంటే కారణం కాగితం మీద ఇవ్వాలి, కమిటీలో హాస్టల్‌లో ఉండేవాళ్లు ఉండాలి. బూతు, ఒక మనిషిని లేదా కులాన్ని టార్గెట్ చేసే బొమ్మ, ఇవి పేరు పెట్టి నిషేధించండి, "మనోభావాలు" అనొద్దు. ఎన్నేళ్లు ఉంటుందో రాయండి, రెండేళ్లో మూడేళ్లో. తీసేముందు నోటీస్, ఫొటో తీసుకునే టైమ్ ఇవ్వాలి. కింద మూలన వేసినవాళ్ల పేర్లు, సంవత్సరం.

ఇక పని సంగతి. చెమ్మ పట్టే గోడ జోలికి పోవద్దు, ఒక్క వానాకాలానికే పొక్కులొస్తాయి. పాత సున్నం గోడైతే గీకించి, లప్పం పెట్టి, ప్రైమర్ వేసి, బాగా ఆరాకే మొదలుపెట్టండి. కారిడార్‌లో నీళ్లలో కలిపే ఎమల్షనే వాడండి, ఆయిల్ పెయింట్, థిన్నర్ వాసనకి పక్క రూమ్‌వాళ్లకు నిద్రుండదు. పదడుగులకి పన్నెండడుగుల గోడ అంటే 120 చదరపు అడుగులు, బేస్ రెండు కోట్లకి రెండున్నర లీటర్లు ఉంచుకోండి. స్టూల్ మీద కుర్చీ వేసి ఎక్కే వేషాలు వద్దు, చేతికి అందని ఎత్తుకి పెయింటర్ల పరంజా కావాలి, దాని ఖర్చు ఎవరిదో కూడా ఆ కాగితంలోనే రాయించండి.

మాసాబ్‌ట్యాంక్‌లో జేఎన్ఏఎఫ్ఏయూలో ఫైన్ ఆర్ట్స్ స్టూడెంట్స్ ఉంటారు, స్కెచ్ స్టేజ్‌లోనే ఒకసారి వెళ్లి చూపించండి. నెక్స్ట్ ఎపిసోడ్ హాస్టల్ కాషన్ డిపాజిట్ మీద, ఏది కట్ చేయొచ్చు, ఏది చేయకూడదు. అప్పటిదాకా బై.