గడప తొక్కకుండా ఇంటికి విలువ కట్టవచ్చునా?

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఆ రోజుల్లో ఇల్లంటే కూడబెట్టిన సొమ్ముతోనో, చుట్టాల దగ్గర తెచ్చిన చేబదులుతోనో అయ్యే పని. ఇవాళ లోకంలో చాలా చోట్ల ఇల్లంటే అప్పు. అదీ ఇరవై, ముప్పై ఏళ్ల అప్పు. అంత అప్పు ఇచ్చే ముందు బ్యాంకు ఒక ప్రశ్న వేస్తుంది: "ఈ ఇల్లు నిజంగా అంత చేస్తుందా?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే వృత్తిగా బతికేవాళ్లున్నారు. వాళ్లను ఇప్పుడు "త్వరగా తేల్చు, చవకగా తేల్చు" అని నాలుగు వైపుల నుంచీ తరుముతున్నారు. ఈ తరుముడు ఎక్కడ నుంచి వచ్చింది, దాని ఫలితం ఎవరి నెత్తిన పడుతుంది అన్నది వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అమెరికా దేశాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఈ వృత్తికి అక్కడ చట్టమూ, చరిత్రా, దాచిపెట్టిన లెక్కలూ ఉన్నాయి. అదీగాక ఈ సంచిక అందుకునే పూర్వ విద్యార్థుల్లో డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో అప్పు మీద ఇల్లు కొన్నవాళ్లు తక్కువేం ఉండరు.

కొలిచే పద్ధతి

మన దగ్గర వాల్యుయర్ అనే మనిషిని అక్కడ అప్రైజర్ అంటారు. పాత పద్ధతిలో ఆయన స్వయంగా ఇంటికి వెళ్తాడు. కొలతలు తీసుకుంటాడు. పైకప్పు ఎలా ఉంది, గోడల్లో చెమ్మ దిగిందా, పునాదిలో పగుళ్లున్నాయా, పెరటి వెనక రైలు కట్ట ఉందా – అన్నీ రాసుకుంటాడు. తర్వాత ఆ చుట్టుపక్కల ఈమధ్య అమ్ముడుపోయిన, ఇదే పోలిక గల ఇళ్లు కనీసం మూడు ఏరుకుంటాడు. వాటికీ దీనికీ ఉన్న తేడాలకు లెక్క కడతాడు. ఒక పోలిక ఇల్లు 4,10,000 డాలర్లకు పోయింది, దానికి ఒక స్నానాల గది ఎక్కువ ఉంది అనుకుందాం. ఆ పేటలో అలాంటి గదికి జనం 10,000 ఇస్తున్నారని తేలితే అంత తీసేసి 4,00,000 దగ్గరికి వస్తాడు. ఇలాగే మిగతా రెండూ చూసి, మూడింటినీ సమన్వయం చేసి ఒక అంకె చెబుతాడు.

ఇది మా రసాయనశాస్త్ర ప్రయోగశాలలో టైట్రేషన్ వంటిది. ఒక్క రీడింగు చూసి ఎవరూ రికార్డు రాయరు. దగ్గర దగ్గరగా రెండు మూడు రీడింగులు వచ్చేదాకా చేస్తారు. తేడా ఏమిటంటే బ్యూరెట్టుకు కన్ను చాలు, ఇంటికి కాళ్లు కూడా కావాలి. ఈ సంగతి వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకే సర్వే నంబరులో పక్కపక్కన రెండెకరాలు ఉంటాయి. కాగితం మీద రెండూ ఒకటే. చేలోకి దిగి చూస్తే ఒకదాంట్లో బోరు నిండా పోస్తుంది, రెండోదాంట్లో మూరెడు తవ్వితే రాయి తగులుతుంది. మా నాన్న సంతలో పళ్లు పట్టి చూసి, పది అడుగులు నడిపించి గాని ఎద్దుకు బేరం మొదలుపెట్టడు.

ఒత్తిడి ఎక్కడ పుడుతుంది?

లెక్క చూడండి. ఒకరు 4,00,000 డాలర్లకు ఇల్లు బేరం కుదుర్చుకున్నారు. బ్యాంకు 80 శాతం అప్పు ఇస్తానంది, అంటే 3,20,000. కాని బేరం ధర, అప్రైజర్ చెప్పిన విలువ – ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాని మీదే ఆ 80 శాతం. అప్రైజర్ 3,70,000 అన్నాడనుకోండి, అప్పు 2,96,000కి పడిపోతుంది. ఉన్నట్టుండి 24,000 డాలర్లు కొనేవాడు చేతి నుంచి పెట్టుకోవాలి. లేకపోతే బేరం చెడుతుంది.

బేరం చెడితే ఇల్లు చూపించిన ఏజెంటుకు కమీషను రాదు. అప్పు ఇప్పించేవాడికీ రాదు. అమ్మేవాడికి నష్టం, కొనేవాడికి నిరాశ. ఇంతమందిలో బేరం కుదిరినా కుదరకపోయినా ఒకే ఫీజు తీసుకునేవాడు అప్రైజర్ ఒక్కడే. అందువల్లనే ఆయన మాటకు విలువ. కాని ఇవాళ్టి ఫీజు ఆ అంకె మీద ఆధారపడకపోయినా రేపటి పని ఆధారపడుతుంది. "ఈయన బేరాలు చెడగొడతాడు" అన్న పేరు పడితే మళ్లీ పిలిచేవాడుండడు.

పాత కథ

ఇది నిన్న మొన్న పుట్టిన జబ్బు కాదు. 1986–1995 సంవత్సరాల మధ్య అమెరికాలో వెయ్యికి పైగా పొదుపు–రుణ సంస్థలు మూతపడ్డాయి. ఉన్నదానికన్నా ఎక్కువ కట్టిన విలువలు దానికి ఒక కారణమని తేలి, 1989లో చట్టం చేసి అప్రైజర్లకు రాష్ట్రాల లైసెన్సు పెట్టారు. అయినా ఒత్తిడి ఆగలేదు. రుణదాతలు ఎక్కువ విలువ రాయమంటున్నారని, రాయనివాళ్లను వెలి వేస్తున్నారని అప్రైజర్లు ఒక అర్జీ తయారు చేశారు. 2000–2007 మధ్య దాని మీద సుమారు 11,000 మంది సంతకాలు చేశారు. ఈ సంగతి ఆర్థిక సంక్షోభ విచారణ సంఘం 2011లో ఇచ్చిన నివేదికలో ఉంది. అర్జీని పట్టించుకునేలోపే 2008 సంక్షోభం వచ్చి పడింది.

ఆ తర్వాత మందు వేశారు. న్యూయార్క్ అటార్నీ జనరల్‌గా ఉన్న ఆండ్రూ కూమో చొరవతో, గృహరుణాలను కొనే పెద్ద సంస్థలైన ఫానీ మే, ఫ్రెడ్డీ మాక్‌లు 2009 మే నెల నుంచి ఒక నియమావళి అమలు చేశాయి. అప్పు ఇప్పించి కమీషను తీసుకునేవాడు అప్రైజర్‌ను ఎంచుకోకూడదు అన్నది దాని సారాంశం. 2010లో వచ్చిన డాడ్–ఫ్రాంక్ చట్టం ఆ స్వాతంత్ర్యాన్ని నిలబెట్టడమే గాక, అప్రైజర్‌కు ఆ ప్రాంతంలో వాడుకలో ఉన్న న్యాయమైన ఫీజు ఇవ్వాలని కూడా చెప్పింది.

మంచి మందే. కాని అది మరో జబ్బుకు దారి తీసింది. రుణదాతకూ అప్రైజర్‌కూ మధ్య నిలబడటానికి నిర్వహణ కంపెనీలు అంతకు ముందే ఉన్నాయి. కొత్త నియమంతో పని వరదలా వాటి వైపు మళ్లింది. కొనేవాడు కట్టే ఫీజులో కొంత కంపెనీ ఉంచుకుని మిగతాది అప్రైజర్‌కు ఇస్తుంది. మాటవరసకు 600 కడితే అందులో 200 మధ్యలోనే ఆగిపోవచ్చు. అంతేకాదు, ఒకే పనిని పదిమందికి ఒకేసారి పంపించి "ఎంతకు చేస్తావు, ఎన్ని రోజుల్లో ఇస్తావు?" అని అడిగే అలవాటు పెరిగింది. ఎవరు తక్కువకు, ఎవరు త్వరగా అంటే వారికే పని. కూలీల అడ్డా మీద జరిగే బేరానికీ దీనికీ తేడా ఏముంది? మునుపు "ఎక్కువ రాయి" అనేవారు. ఇప్పుడు "తొందరగా రాయి" అంటున్నారు. తొందరలో రాసేవాడు బేరం కాగితం మీద ఉన్న ధరనే ఆసరా చేసుకోవడం ఎక్కువ. ఇల్లు కొనే సందర్భాల్లో పదింటిలో తొమ్మిదికి పైగా అప్రైజర్ విలువ బేరం ధరకు సమానంగానో, ఎక్కువగానో ఉంటుందని పరిశోధనలు పదే పదే చూపాయి. జవాబు ముందే తెలిసిన ప్రయోగం ఎలా ఉంటుందో ప్రాక్టికల్ పరీక్షలు రాసిన ప్రతి సైన్సు విద్యార్థికీ తెలుసు!

యంత్రం వచ్చింది

ఇప్పుడు మూడో ఘట్టం. అమ్మకాల లెక్కలన్నీ కంప్యూటరుకు ఇస్తే క్షణంలో విలువ చెబుతుంది. కొన్ని రుణాలకు ఫానీ మే, ఫ్రెడ్డీ మాక్‌లు అసలు అప్రైజల్ అక్కర్లేదని మినహాయింపు ఇస్తున్నాయి. 2022 మార్చి నుంచి కొన్ని కొనుగోళ్లకు బల్ల దగ్గర కూర్చుని చేసే అప్రైజల్‌ను కూడా శాశ్వతంగా అంగీకరించాయి. మరో పద్ధతిలో ఇంకెవరో ఇంటికి వెళ్లి ఫోటోలు, కొలతలు తెస్తారు. అప్రైజర్ తను చూడని ఇంటికి విలువ కట్టి సంతకం పెడతాడు. కాళ్లు ఒకరివి, సంతకం ఇంకొకరిది.

యంత్రాన్ని తీసిపారెయ్యడం నా ఉద్దేశం కాదు. ఎదుటి పక్షం వాదనలోనూ పస ఉంది. వడ్డీ రేటు కొన్నాళ్లకే ఖాయం చేసి ఉంచుతారు, ఆలోగా అన్నీ ముగియాలి. 2020, 2021లలో వడ్డీలు పడిపోయి అందరూ ఒకేసారి పాత అప్పులు మార్చుకోబోతే అప్రైజర్లు దొరక్క జనం ఇబ్బంది పడ్డారు. పైగా మనిషి కన్ను ఎప్పుడూ నిష్పాక్షికం అనలేం. నల్లవారు, లాటినోలు ఎక్కువగా ఉండే పేటల్లో బేరం ధరకన్నా తక్కువ విలువ పడటం తరచుగా జరుగుతోందని ఫ్రెడ్డీ మాక్ 2021లో తన పరిశీలనలో చెప్పింది. ఈమధ్యే ఒకసారి చూసిన ఇంటికి, పాత అప్పును తక్కువ వడ్డీకి మార్చుకునేటప్పుడు మళ్లీ మనిషిని పంపకపోతే పెద్ద నష్టం లేదు కూడా.

కాని రెండు సంగతులు మరిచిపోకూడదు. మొదటిది: యంత్రం తిండి ఎక్కడిది? ఒక ఇంటి లోపలి పరిస్థితి గురించి దానికి తెలిసినదాంట్లో చాలా భాగం ఇంతకు ముందు గడప తొక్కిన అప్రైజర్లు రాసిన నివేదికల నుంచి వచ్చిందే. ఎవరూ గడప తొక్కకపోతే కొత్త సమాచారం ఎలా వస్తుంది? ఊట ఆగిన బావిలోంచి తోడుకుంటూ పోవడమే అవుతుంది. మొదటి ఏడాది తేడా తెలియదు. బొక్కెనకు బురద తగిలినప్పుడు తెలుస్తుంది.

రెండవది: నిశితత్వం వేరు, యథార్థత వేరు అని మాకు భౌతికశాస్త్రం మొదటి పాఠాల్లోనే చెబుతారు. సున్నా తప్పిన తక్కెడలో పదిసార్లు తూచినా ఒకే బరువు రావచ్చు. పదిసార్లూ తప్పే. యంత్రం 4,03,217 డాలర్లు అని చివరి అంకె దాకా చెప్పినంత మాత్రాన అది నిజమైపోదు.

దీనికి ఒక పెద్ద గుణపాఠం జరిగింది. జిల్లో అనే కంపెనీ తన గణిత సూత్రాల ఆసరాతో తానే ఇళ్లు కొని అమ్మడం మొదలుపెట్టింది. 2021లో కొన్న ఇళ్ల విలువను ఒక్క త్రైమాసికంలోనే 30 కోట్ల డాలర్లకు పైగా తగ్గించి రాసుకోవలసి వచ్చింది. నవంబరులో ఆ వ్యాపారం మూసేస్తున్నామని ప్రకటించి, ఉద్యోగుల్లో పావు వంతు మందిని తీసివేయబోతున్నట్టు చెప్పింది. అక్కడ తప్పు చేసిన సంస్థకూ నష్టం తగిలింది. గృహరుణంలో అలా కాదు. ఫీజులో కోత వేసుకున్నవాడూ, తొందరపెట్టినవాడూ పని అయిపోగానే వెళ్లిపోతారు. ఎక్కువ విలువ మీద తీసుకున్న అప్పు మాత్రం ముప్పై ఏళ్లు ఆ కుటుంబంతోనే కాపురం చేస్తుంది.

ఇంకో నష్టం కంటికి కనబడదు. అక్కడ లైసెన్సు కావాలంటే అనుభవజ్ఞుడి కింద కనీసం 1,000 గంటలు, ఇళ్ల విషయంలో పై స్థాయి సర్టిఫికెట్టుకు 1,500 గంటలు పని నేర్చుకోవాలన్నది 2018లో సడలించిన తర్వాతి సాధారణ నియమం. ఫీజు తగ్గి, గడువు కుదించుకుపోతే శిష్యుణ్ణి వెంటబెట్టుకుని తిరిగే తీరిక ఏ గురువుకుంటుంది? నేర్పేవాడు లేని విద్య ఒక తరంలో అడుగంటుతుంది.

మన సంగతి

మన దేశంలోనూ గృహరుణానికి ఇంటి విలువే కొలబద్ద. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం 30 లక్షల లోపు అప్పుకు విలువలో 90 శాతం వరకు, 75 లక్షల లోపు అప్పుకు 80 శాతం వరకు, ఆపైన 75 శాతం వరకే ఇవ్వవచ్చు. ఆ విలువ కట్టేది బ్యాంకు జాబితాలో ఉన్న వాల్యుయర్. పని ఇచ్చేదీ బ్యాంకే. అయితే మనకు అదనంగా ఒక చిక్కుంది. రిజిస్ట్రేషన్ దస్తావేజులో రాసే ధర వేరు, చేతులు మారే సొమ్ము వేరు అన్నది ఊళ్లో చిన్నపిల్లవాడికి కూడా తెలిసిన సంగతే. దస్తావేజులు చదివి విలువ నేర్చుకునే యంత్రం ఇక్కడ ఏం నేర్చుకుంటుంది? రాసిన ధరనే నేర్చుకుంటుంది. కాబట్టి వేగం దిగుమతి చేసుకునే ముందు మన లెక్కలు నిజం చెబుతున్నాయా అని చూసుకోవలసి ఉంది.

ఏం చేయవచ్చు?

అమెరికాలో ఆరు సమాఖ్య సంస్థలు కలిసి 2024లో ఒక నిబంధన చేశాయి. అది 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. విలువ కట్టే యంత్రాన్ని వాడే రుణసంస్థలు దాని ఫలితాలను యాదృచ్ఛికంగా ఏరిన నమూనాలతో పరీక్షించాలి, సమాచారం తారుమారు కాకుండా చూడాలి, లాభం ఉన్నవాడి చెయ్యి పడకుండా కాపాడాలి, వివక్షను నిషేధించే చట్టాలకు లోబడాలి అని దాని తాత్పర్యం. మొదటి తాకట్టు మీద ఇంటికి అప్పు కోరినవాడికి విలువ నివేదిక ప్రతి ఇవ్వాలన్న నియమం 2014 నుంచే ఉంది. అక్కడున్న మన అన్నలు, అక్కలు ఆ కాగితాన్ని పక్కన పడెయ్యకుండా చదవాలి. గదుల లెక్క, కొలతలు, పోలిక ఇళ్లు సరిగా ఉన్నాయా చూసుకోవాలి. తప్పుంటే తిరిగి పరిశీలించమని రుణదాతను అడగాలి. ఇల్లు చూసినదెవరు, సంతకం పెట్టినదెవరు అన్నదీ గమనించాలి.

ఇక మనమాట. మా తరగతిలో సగం మంది చూపు కంప్యూటరు ఉద్యోగాల మీదే ఉంది. ఇలాంటి యంత్రాలకు ప్రోగ్రాములు రాసే పని రేపు మనలో కొందరికి రావచ్చు. "ఎంత వేగంగా చెప్పగలదు?" అని యజమాని తప్పక అడుగుతాడు. "ఎంత తప్పు చెప్పవచ్చు? ఆ తప్పు ఎవరు మోస్తారు?" అన్న ప్రశ్నలు ఆయన అడగకపోవచ్చు. అవి మనమే వేసుకోవాలి. ప్రయోగశాలలో ప్రతి ఫలితం పక్కన దోషపరిమితి రాయమని మన లెక్చరర్లు మూడేళ్లుగా చెబుతున్నది ఇందుకేననుకుంటాను.