గాలిలో సాగు గడియారపు సంకేతములు

మిల్లు కూత విని గడియారము సరిచేసికొనుట పట్టణములలో ఒకప్పటి అలవాటు. మిల్లుకు 1 కిలోమీటరు దూరమున నున్నవాని గడియారము ఇట్లు చేసినచో సుమారు 3 సెకండ్లు వెనుకబడును. శబ్దము వచ్చుటకు అంత కాలము పట్టును. దూరము తెలిసినవాడు ఆ 3 సెకండ్లు కలుపుకొనును.

పరమాణువులు గ్రహించు కాంతి కంపనములను లెక్కించి నడచు నేటి గడియారములకు ఈ చిక్కే మరొక రూపమున వచ్చినది. వీనిలో శ్రేష్ఠమైనదానిని 1 సెంటీమీటరు పైకెత్తినను, గురుత్వ ప్రభావమువలన దాని వేగము 1 ప్రక్కన 18 సున్నలున్న సంఖ్యలో ఒక పాలు హెచ్చును. కనుక దూరముగా నున్న రెండు గడియారములను పోల్చి ఆ రెండు చోటుల ఎత్తుల భేదము తెలిసికొనవచ్చును. కాని పోల్చు విధానము గడియారమంత సూక్ష్మముగా లేనిచో ఈ పని సాగదు.

గాజు తంతువులు వేయుటకు వీలులేనిచోట లేజరు కాంతిని బయటి గాలిలోనే పంపవలెను. గాలికి నిలుకడ లేదు. 2 కిలోమీటర్ల మార్గములో గాలి 1 డిగ్రీ వేడెక్కినచో, కాంతికి ఆ మార్గము సుమారు 2 మిల్లీమీటర్లు తగ్గినట్లగును. కాంతి దాదాపు 7 పికోసెకండ్లు ముందుగా చేరును. సెకండులో లక్ష కోట్ల పాలు ఒకటి పికోసెకండు. మండుటెండలో తారురోడ్డుపై దూరపు వస్తువులు అల్లలాడుట చూచినవారికి ఈ మార్పు ఎంత తరచుగా జరుగునో చెప్పనక్కరలేదు.

ఆ కాలమును కొలువకయే పని జరుపు ఉపాయమొకటి కలదు. రెండు చోట్లనుండియు ఒకే మార్గమున లేజరు మెరపులను ఎదురెదురుగా పంపుదురు. 'క' గడియారముకంటె 'చ' గడియారము 5 పాళ్లు ముందున్నదనియు, మార్గకాలము 100 పాళ్లనియు అనుకొనుడు. 'క' తన సున్న వద్ద పంపిన మెరపు చేరునప్పటికి 'చ' 105 చూపును. 'చ' తన సున్న వద్ద పంపినది చేరునప్పటికి 'క' 95 చూపును. భేదము 10, అందు సగము 5. గాలి వేడెక్కి మార్గకాలము 99 అయినచో 104, 94 వచ్చును; సగము మరల 5! 2 కిలోమీటర్లను కాంతి 7 మైక్రోసెకండ్లలోపుననే దాటును. అంతలో గాలి సుడులకు కదలుటకు వ్యవధి యుండదు, కావున రెండు మెరపులకును ఎదురగు గాలి ఒక్కటే.

ఇంత స్వల్పభేదమును చదువుట వేరొక కష్టము. ఇందుకు సెకండుకు సుమారు 10 కోట్ల మెరపులనిచ్చు రెండు లేజరులను తీసికొని, వాని మెరపుల సంఖ్యలో కొద్దిపాటి తేడా నుంచుదురు. పాఠశాలలోని వెర్నియరు స్కేలు సూత్రమే ఇది.

ఈ విధమున 2013లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున 2 కిలోమీటర్ల గాలిగుండ గడియారపు సంకేతములను ఫెమ్టోసెకండు స్థాయిలో పోల్చిరి. అది పికోసెకండులో వెయ్యవ పాలు. 2022లో చైనా శాస్త్రజ్ఞులు 113 కిలోమీటర్లు సాధించిరి. 2023లో ప్రకటింపబడిన ప్రయోగమున హవాయిలోని మౌనాలోవా, హాలియకాలా పర్వతముల నడుమ పోయి మరలిన కాంతి మొత్తము 300 కిలోమీటర్లు నడచినది. ఇక చూపు ఉపగ్రహములపై నున్నది. ఉపగ్రహము కదలుచుండును, పోక, రాక దారులు సరిగా ఒకటి కావు. ఆ భేదమును వేరుగా లెక్కగట్టవలసి యున్నది.