ఇంకొక యేడు నిలుపుదమా?



వేసవిలో పరీక్షల ఫలితములు వెలువడిన పిమ్మట మన యిండ్లలో బయలుదేరు చర్చలలో నెల్ల కఠినమైన దొకటి గలదు. బిడ్డకు వచ్చిన ర్యాంకునకు దొరకిన కళాశాలలో వెంటనే చేర్చుటయా, లేక ఇంకొక యేడు నిలిపి చదివించి మేలైన కళాశాలకు ప్రయత్నించుటయా? పురుషులు దీనిని రుసుముల లెక్కగా జూచెదరు. బిడ్డలకు తోడివారి యెదుట పరువుగా దోచును. రెండు పక్షముల వాదములను వంటయింటి గడపకడ నిలిచి వినుచున్న తల్లి యభిప్రాయమును మాత్రము సామాన్యముగా నెవ్వరు నడుగరు. అడిగినను, లెక్కలు తెలియనిదే ఆమె యేమి చెప్పగలదు? కావున నా లెక్కలను మాకు దెలిసినంతవట్టు ఇచట వ్రాయుచున్నాము.

మా వెంకటగిరికోట మూడు భాషల కూడలి. ఇటు కోలారు బంగారు గనుల ప్రాంతము, అటు తమిళసీమ, నడుమ మేము. టమోటా తోటలు, పట్టుపురుగుల పెంపకము ననేక కుటుంబములకు జీవనాధారములు. ఇచటి రైతుబిడ్డ చదువునకు ధనము జీతమువలె నెలనెలకు రాదు. మండీలో పెట్టె ధరను బట్టి వచ్చును, లేదా రాదు. ఇట్టి యింట “ఇంకొక యేడు” అను మాటకు బరువెక్కువ. పట్టణవాసుల యింట దాని కింత బరువుండదు.

పదవ తరగతి ముగిసిన బాలికకు మా ప్రాంతమున ముఖ్యముగా రెండు త్రోవలు గలవు. జూనియరు కళాశాలలో రెండేండ్ల ఇంటర్మీడియేటు మొదటిది. పాలిసెట్టు వ్రాసి పాలిటెక్నిక్కులో మూడేండ్ల డిప్లమా చదువుట రెండవది. పలమనేరులో బాలికలకై ప్రభుత్వ పాలిటెక్నిక్కు గలదు. కుప్పములోని ప్రభుత్వ పాలిటెక్నిక్కు డాక్టరు వై.సి. జేమ్సు యెన్ పేర వెలసినది. ఆయన చీనాదేశీయుడు. 1918లో ఫ్రాన్సుదేశమున యుద్ధపు పనులకు వచ్చిన చీనా కూలీలకు ఉత్తరములు వ్రాసిపెట్టుచు, వారే వ్రాసికొనుట నేర్చిన మేలుగదా యని తలచి, వేయి అక్షరముల వాచకముతో వారికి చదువు చెప్ప నారంభించిన మహనీయుడు. ప్రతిదినము ఆ ద్వారము దాటు పిల్లలలో నెందరి కీ సంగతి తెలియునో గాని, తెలిసికొనదగిన సంగతియే.

డిప్లమా ముగించినవారు ఇంజనీరింగు కళాశాలలో మొదటి సంవత్సరము చదువ నక్కరలేదు. ఈసెట్టు అను ప్రవేశపరీక్ష వ్రాసి నేరుగ రెండవ సంవత్సరమున జేరవచ్చును. ఒక కళాశాలనుండి వేఱొక కళాశాలకు మెట్టు దిగకుండ దాటు ఈ యేర్పాటు బీదకుటుంబములకు మిక్కిలి యుపకారి. అయితే ద్వారము ఇరుకు. మంజూరైన సీట్లపై నూటికి పది చొప్పున వీరికై అదనముగా నిత్తురు. అనగా అరువది మంది తరగతికి ఆరుగురు. మొదటి సంవత్సరమున మిగిలిపోయిన ఖాళీలును వీరికే వచ్చును గాని, పేరున్న విశ్వవిద్యాలయ కళాశాలలలో ఖాళీ లెక్కడివి? కావుననే ఓ మోస్తరు ర్యాంకు వచ్చిన పిల్లకు ఏదో యొక ప్రైవేటు కళాశాల దొరకుట సులభము, కోరిన కళాశాల దొరకుట దుర్లభము. ఇచటనే “ఇంకొక యే డాగెదను” అను మాట పుట్టును.

ఆగిన నేమి లాభమో తెలియవలె నన్న ఆ పరీక్ష నిర్మాణమును జూడవలయును. ఈసెట్టునకు 200 ప్రశ్నలు, మూడు గంటల కాలము. తప్పు వ్రాసినందుకు మార్కుల కోత లేదు. ఇందు 100 ప్రశ్నలు బాలిక చదివిన శాఖకు సంబంధించినవి. మిగిలిన నూటిలో 50 గణితము, 25 భౌతికశాస్త్రము, 25 రసాయనశాస్త్రము. డిప్లమాలో భౌతిక రసాయన శాస్త్రములు మొదటి యేటనే యించుమించు ముగిసిపోవును. గణితము మఱికొంత సాగి ఆగిపోవును. చివరి యేట ఆరు మాసములు పరిశ్రమలలో శిక్షణ. ఆ శిక్షణకై బెంగుళూరు చుట్టుపట్ల గదులలో నలుగురైదుగురు కలసి కాపురముండి, ఉదయము బస్సెక్కి, రాత్రికి అలసి వచ్చు బాలిక, మొదటి యేటనే మూసిన రసాయనశాస్త్ర పుస్తకమును తెరచునా? తెరువదు. కనుక తన శాఖలో దిట్టయైన పిల్లయు ఆ యేబది ప్రశ్నలయెడ తడబడి ర్యాంకు కోల్పోవుచున్నది.

ఇది గ్రహించిన తల్లి అడుగవలసినది, “ఎంత ర్యాంకు వచ్చినది?” అని మాత్రమే గాదు, “ఏ భాగమున పోయినది?” అని. భౌతిక రసాయనములు మఱచుటచేత పోయినచో, అది కొన్ని మాసముల శ్రద్ధతో కూడదీసికొనదగిన నష్టము. శాఖాపాఠములే రాకపోవుటచేత పోయినచో, ఒక యేడు ఇంట నున్నంతమాత్రమున అవి వచ్చునని మేము నమ్మము. ప్రయోగశాల లేదు, చెప్పువారు లేరు. అన్ని భాగములందును బాగుగ వ్రాసి, అయినను కోరినదానికి ఒక మెట్టు దిగువ నిలిచిన పిల్ల వచ్చిన సీటున జేరుటయే మేలని మా యభిప్రాయము. మెట్టు కొక మెట్టు ఎక్కుటకై యేడాది వెచ్చించుట, బియ్యము కొనుటకై బంగారు మమ్మిన ట్లగును.

మఱియొక విధమైన ఆగుటయు గలదు. అది కోరి ఆగుట గాదు, ఆపబడుట. పాలిటెక్నిక్కులో నూటికి 75 వంతుల హాజరు ఉండవలయును. తగిన కారణము చూపినచో 65 వరకు మన్నింతురు. అంతకు దిగువైనచో ఆ తరగతిని మరల చదువవలసినదే. ఈ నియమమున జిక్కు బాలికలలో ననేకులు సోమరులు గారు. తల్లికి జబ్బు చేసిన వంట యెవరిది? పట్టుపురుగులు నాలుగవ జ్వరము దాటి రేయింబవళ్లు ఆకు మేయు దినములలో ఆకు కోయున దెవరు? కొడుకును కళాశాలకు పంపి కూతును ఇంట నిలుపుకొందుము. ఆ దినము లన్నియు హాజరు పట్టికలో సున్నలై కూర్చుండి, వేసవిలో నొక యేటి శిక్షగా వెలువడును. ఆ సున్నలలో మన చేతివ్రాతయు గలదు. పిల్ల “ఆగిపోయిన”దని నొచ్చుకొను ముందు ఆ పట్టిక నొకమారు తెప్పించి చూడుడు.

ఇంటర్మీడియేటు త్రోవ బోయినవారి లెక్క వేరు. ఇంజనీరింగు ప్రవేశమునకై 1986 నుండి ఎంసెట్టు జరుగుచుండెను. మన రాష్ట్రమున 2021 నుండి దానిని ఈఏపీసెట్టు అనుచున్నారు. ర్యాంకు కట్టుటలో నూటికి 75 వంతులు ప్రవేశపరీక్షకు, 25 వంతులు ఇంటర్మీడియేటు ముఖ్యవిషయముల మార్కులకు. మార్కులు తక్కువైన వారు మరల వ్రాసి పెంచుకొను నేర్పాటు గలదు. దానినే ఇంప్రూవుమెంటు అందురు. కొందఱు తల్లిదండ్రులు దీనికొఱకే యేడాది నిలుపుచుందురు. ఇచట పెన్సిలు పట్టి లెక్కించుడు. ఆ మార్కులు నూటికి నాలుగు వంతులు పెరిగిన, మొత్తమునకు చేరున దొక్క వంతు మాత్రమే. ప్రవేశపరీక్షలో 160 ప్రశ్నలకు 75 వంతులు గాన, రెండు ప్రశ్నలకు కొంచెము పైచిలుకు సరిగా వ్రాసిన ఆ వంతు సమకూరును. రెండు మూడు ప్రశ్నల కొఱకు యేడాదియా? ప్రవేశపరీక్షకే మరల కూర్చుండదలచి, దానితోబాటు మార్కులు పెంచుకొనుట వేరు మాట.

వైద్యవిద్య కోరువారికి 2017 నుండి మనకును నీట్ పరీక్షయే శరణ్యము. ఎన్నిమారులు వ్రాసినను అడ్డు లేదు. ఆ మాటయే కొందఱ కురిత్రాడు. ఒకమారు రెండుమారులు ఆగుట న్యాయము. మూడవ యేటినుండి పిల్ల ముఖమును జూచి నిర్ణయింపవలయును గాని మార్కుల పట్టికను జూచి గాదు.

నడిమి కళాశాలనుండి పెద్ద కళాశాలకు దాటుట మనకు క్రొత్త గాదు. మదరాసు రాజధానిలో బి.ఏ. వరకు చెప్పు కళాశాలలు మొదటి తరగతివి, ఇంటర్మీడియేటుతో నిలిచిపోవునవి రెండవ తరగతివి. చిన్న పట్టణములవారు రెండేండ్లు రెండవ తరగతి కళాశాలలో జదివి, పిమ్మట మదరాసో మఱియొకచోటో పోవలసినవారే. అనీబిసెంటమ్మగారు 1915లో మదనపల్లెలో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాల మా సీమవారికి దూరభారమును తగ్గించినది. 1919లో రవీంద్రనాథ ఠాకూరుగారు మన జాతీయగీతమును ఆంగ్లమున తెనిగించినట్లుగా తిరుగవ్రాసినది అచటనే. 1954లో తిరుపతి విశ్వవిద్యాలయము, 1983లో అచటనే మహిళా విశ్వవిద్యాలయము, 1997లో కుప్పమున ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినవి. దూరము తరిగినది. పోటీ పెరిగినది.

సముద్రమునకావల మనవారును ఈ చిక్కుననే యున్నారు. అమెరికాలో 1901లో జోలియెట్ పట్టణమున మొదలిడిన రెండేండ్ల కళాశాలలు నేడు దేశమంతట వ్యాపించినవి. కాలిఫోర్నియాలోనే 116 గలవు. తక్కువ రుసుముతో అచట జదివి, మూడవ యేట విశ్వవిద్యాలయమునకు దాటవచ్చును. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాఖలలో ఆరు, నియమములు తీర్చినవారికి ముందుగనే హామీ యిచ్చును. బర్కిలీ, లాసేంజలిసు, శాండియాగో ఇయ్యవు. ఇంజనీరింగు కోరువారు గణితమును మెట్టు వెంట మెట్టుగా జదువవలయును. ఒకటి ముగియక రెండవది పట్టరాదు. క్రింది మెట్టున మొదలిడిన బిడ్డకు రెండేండ్లు చాలక మూడగును. అచట దానిని తలవంపుగా నెంచరు. మూడవ యేట ఏ పాఠము పూర్తిచేయవలెనో కాగితముపై ముందుగనే యుండును. మన పిల్లల “ఆగిన యేటి”కి లోపించినది ఆ కాగితమే.

ఇక అసలు మాట. మా యెరుకలో నొక యింట అన్నకు నీట్ కొఱకు రెండేండ్లు విజయవాడ వసతిగృహమున ఇచ్చిరి. చెల్లెలు డిప్లమా ముగించి ఈసెట్టునకై ఆరు మాసములు అడిగినది. “ఆడబిడ్డకు సంవత్సరం పోతే సంబంధం పోతుందమ్మణ్ణీ” అని అవ్వ. తండ్రి మాటాడలేదు. తల్లి మాత్రము, “అత్తా, వానికి రెండేండ్లు పోలేదా? దానికి ఆరు నెలలు పోతే పోనీ” యన్నది. పిల్ల ఇంటనే యుండి చదివినది. వచ్చిన ర్యాంకు గొప్పది గాదు. కాని కన్వీనరు కోటాలో సీటు దొరకినది. అన్న యింకను వ్రాయుచునే యున్నాడు. ఈ యొక్క యుదాహరణముతో నెల్లవారికి విధి నిర్ణయింపలేము. కాని యేటి విలువను కొడు కొకటిగను కూతు రొకటిగను కట్టు త్రాసు మన యిండ్లలో నున్నదని యొప్పుకొనక తప్పదు.

నిలుపుటకే నిశ్చయించిన యింటివారు కొన్ని పనులు మఱువరాదు. ఆగిన పిల్లను ఊరక యున్నదని యింటిపనుల కప్పగించినచో ఆమె ఆగలేదు, ఆపబడినది. ఉదయపు మూడు గంటలు ఆమెవిగా నుంచుడు. ఏ మాసమున ఏ పాఠమో గోడపై వ్రాసి యుంచుడు. రెండు మాసములకొకమారు పాత ప్రశ్నపత్రమును గడియారము ముందుంచి వ్రాయింపుడు. మార్కులు కదలనిచో, మూడవమారు వఱకు వేచి, పిమ్మట వచ్చిన సీటునకో, బి.యస్సీ.కో, ఉద్యోగమునకో మరలింపుడు. గణితముతో బి.యస్సీ. ముగించినవారును ఈసెట్టు వ్రాయవచ్చును గాన ఆ త్రోవ మూసికొనిపోదు.

మా సరిహద్దు గ్రామములవా రొక సంగతి మఱింత జాగ్రత్తగ జూడవలయును. మన కళాశాలలలో నూటికి 85 సీట్లు స్థానికులవి. అర్హతపరీక్షవఱకు వరుసగా ఏయే యేండ్లు ఎచట జదివినదను దానిని బట్టి స్థానికత నిర్ణయమగును. దగ్గరయని కోలారు వైపునకో గుడియాత్తము వైపునకో బడికి పంపినవారు సీటువేళ తెల్లబోవుట కలదు. ఆగిన యేటికిని నివాసపత్ర మడుగుదురు. తహశ్శీల్దారు కచ్చేరిలో ఆ పత్రమును, కులాదాయ పత్రములను జూలై రద్దీకి ముందే వ్రాయించి, పదవ తరగతినుండి గల స్టడీ సర్టిఫికెట్లతో కలిపి యొక సంచిలో భద్రపఱుపుడు.