మెట్టచేలకు అడవిపూల విత్తనములు

తొలివానలు పడినంతనే ఉదయగిరి కొండక్రింది బీళ్లలో వెంపలి చిగిర్చి, ఊదాపూవులు పూయును. ఆత్మకూరు ప్రాంతపు గట్లమీద తంగేడు పసుపుపచ్చగా విరియును. వీనిని మనము వట్టి కంపగా నెంచి, ఎరువునకై సొమ్ము చేతబట్టుకొని అంగడికి పోవుచున్నాము. గట్టుమీది పూవు చేనికి సత్తువ కాగలదు. అందులకు విత్తనము నెంచుకొను నేర్పు మాత్రము కావలయును.

మొదట మా పొరపాటు చెప్పుకొందుము. కొన్ని యేండ్ల క్రిందట ఒక సభ్యుని చేనిలో మేమే దగ్గరనుండి వెంపలి చల్లించితిమి. వాన చక్కగా కురిసెను. పదునైదు దినములు గడచినను మొలకలు అక్కడొకటి ఇక్కడొకటిగా మాత్రమే కానవచ్చెను. “అయ్యా, గింజ పుచ్చినదేమో” అని యాయన మర్యాదగనే యనెను. కాని పదును, కూలి, కాలము మూడును పోయినవి. మట్టి త్రవ్వి చూడగా గింజలు చెడక, రాతిపలుకులవలె అట్లేయున్నవి. లోపము విత్తనమునది కాదు, మాది. వెంపలిగింజ పైతోలు మిక్కిలి గట్టిది. నీటిని లోనికి రానీయదు. కావున చల్లుటకు ముందు గింజలను ముతక యిసుకతో కలిపి గోనెసంచిలో బాగుగా రుద్దవలెను. లేదా, చేయి పెట్టి వెంటనే తీసికొనవలసినంత వేడినీటిలో 2, 3 నిమిషములుంచి, పిమ్మట చల్లనీటిలో వేయవలెను. మరుగునీరు పోసినచో గింజ చెడవచ్చును.

ఏ నేలకు ఏ మొక్క యన్నది రెండవ మాట. మన జిల్లాకు వానలో అధికభాగము ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్య ఋతుపవనమువలన వచ్చును. అంతవరకు ఎండకు తాళునది మెట్టకు కావలెను. వెంపలి అట్టిది, పశువులును దానిని అంతగా ముట్టవు. చెరువుక్రింది మాగాణికి, చౌడునేలకు జీలుగు తగును. అది నీటినిలువకు ఓర్చును. జనుము త్వరగా నెదుగును గాని నీరు నిలిచినచో చెడును. పిల్లిపెసరను ఒకసారి పశువులకు కోసి, తిరిగి చిగిర్చినదానిని దున్నవచ్చును.

ఈ నాల్గింటి వేళ్లకు చిన్న బుడిపెలుండును. వానిలోని సూక్ష్మజీవులు గాలియందలి నత్రజనిని మొక్కకు కూర్చునని జర్మనీ దేశమున హెల్‌రీగెల్, విల్ఫార్తు పండితులు 1888వ సంవత్సరమునకే నిరూపించిరి. తంగేడు కాయ చిక్కుడుకాయ వలెనే యున్నను దాని వేళ్లకు ఈ బుడిపెలు కలుగవు. కావున తంగేటిని గట్టుననే పెంచి, ఆకుకొమ్మ నరికి చేనిలో వేయుట మేలు.

పూవు అందమును చూచి మోసపోరాదు. 1950–60 సంవత్సరముల నడుమ పూనా దగ్గర కనబడిన వయ్యారిభామ నేడు దేశమంతట నిండినది. దాని పూవు తెల్లగా ముచ్చటగొల్పును. కాని ఒక్క మొక్క వేలకొలది గింజలు రాల్చును, తాకినవారిలో కొందరికి ఒంటిదురద కలుగును. గునుగుపూవు సొగసైనదే గాని, విత్తు రాలినచో చేనంతయు అదియే. ఇట్టి గింజ కలసినదేమో చేటలో పోసి చూడనిదే పరాయి విత్తనమును చేనికి తేరాదు.

ఎరువునకు వేసిన పైరును పూత మొదలైనపుడే దున్నవలెను. ముదిరిన కాడ త్వరగా చివుకదు. కాని ఒక మూల కొంత పైరును కాయనిచ్చిననే మరుసటి యేటికి విత్తనము. వెంపలికాయ ఎండిన వెంటనే పగిలి గింజను చిమ్మును. కావున కాయలు గోధుమవన్నెకు తిరిగినపుడు, ఉదయమున మంచు ఆరకముందే కోయవలెను. ఎండబెట్టి, పుచ్చు నేరివైచి, బూడిద కలిపి, మూత గల పొడికుండలో నుంచవలెను. మన వెచ్చని, చెమ్మగల గాలికి తడిగింజ బూజుపట్టును. విత్తుటకు ముందు, రుద్దిన గింజలు నూరు లెక్కించి తడిగుడ్డలో చుట్టి, ఎన్ని మొలచినవో చూడుడు. సగము మొలచిన, ఇమ్మడి విత్తనము చల్లుడు.

ఆ సభ్యుడు మరుసటి యేడు తానే గింజలు రుద్ది చల్లెను. చేను పచ్చనైనది. పిమ్మట ఆయన తన గట్టుమీది గింజను పొరుగువారికి బదులిచ్చెను. సంఘమున మనము ఋణము పంచుకొనుట నేర్చితిమి. ఇట్టి విత్తనమును గూడ ఏటేట పంచుకొనగలిగితిమేని, మన మెట్ట తన ఎరువును తానే పండించుకొనును.